నలికండ్లపాము పాము గాదు



ఈ పూట నేను మాటలాడబోవు ప్రాణి మీలో ప్రతివారును ఎరిగినదే. కళ్లములో పనలెత్తునప్పుడును, గడ్డివామినుండి పశువులకు మేత దూయునప్పుడును, పెరటిలో పాతకుండ కదల్చినప్పుడును, నున్నగా మెరయుచు సర్రున జారి ఇంకొక సందులో దూరునట్టి చిన్న జంతువొకటి కలదు. దానిని కొందరు నలికిరి యందురు. కొందరు నలికండ్లపాము అందురు. చూచినంతనే "అమ్మో, పాము" అని కర్రకొరకు చేయిచాచుట మన అలవాటు. కర్ర దొరకెనా, దాని కథ అంతటితో సరి.

ఆ దెబ్బవలన నలికిరికి కలుగు నష్టము వేరుగా చెప్పనక్కరలేదు. దానిని విషజంతువని నమ్ముటవలన మనుష్యులకు గూడ నష్టము కలుగుచున్నదనియు, ఒక్కొక్కప్పుడు అది ప్రాణనష్టమే యనియు చెప్పుటకు నేను వచ్చితిని. ఈ మాట మీకు వింతగా తోచవచ్చును. తుదివరకు ఓపికతో వినవలసినదని ప్రార్థించుచున్నాను.

మొదట దాని ఆకారము చెప్పెదను. నలికిరి పాము గాదు. బల్లి, తొండ, ఉడుము ఏ కులములోనివో ఇదియు ఆ కులములోనిదే. పాముకు లేని గురుతులు మూడు దీనికి కలవు. మొదటిది కాళ్లు. చిన్నవే యైనను నాలుగు కాళ్లున్నవి. ఒక్కొక్క కాలికి అయిదేసి వ్రేళ్లున్నవి. అది వేగముగ పరుగెత్తునప్పుడు కాళ్లు మన కంటబడవు. మెలికలు తిరుగు ఒడలే కనబడును. అందుచేతనే దానికి పాము అను పేరు అంటుకొన్నది. రెండవ గురుతు కనురెప్ప. పాముకు కదలెడి రెప్పలు లేవు. అది ఎన్నడును కన్ను మూయజాలదు. నలికిరి మనవలెనే రెప్ప వాల్చును, ఎత్తును. మూడవది చెవి. పాముకు వెలుపల చెవిరంధ్రము లేదు. నలికిరికి కంటి వెనుక, దవుడ ప్రక్కన, చిన్న రంధ్రము స్పష్టముగ కానవచ్చును. ఈ మూడింటిలో ఏ యొక్కటి కనబడినను అది విషసర్పము కాదని నిశ్చయముగ చెప్పవచ్చును. అయితే సందేహమున్నప్పుడు గురుతులు చూచుటకై దగ్గరకు పోరాదు. దూరమున నిలిచి దానిని పోనిచ్చుట మేలు.

నలికండ్లపాము అను పేరులో నలి యనగా సూక్ష్మమైనది అని అర్థము. చిన్నకన్నులది గనుక ఆ పేరు వచ్చియుండునని నేననుకొందును. సంస్కృతమున దీనికి రక్తపుచ్ఛిక అను పేరు గలదు. ఎఱ్ఱని తోక గలది అని దాని భావము. ఆ పేరు పెట్టిన పూర్వులు దానిని చూచియే పెట్టిరని చెప్పవలెను. ఏలననగా మన ప్రాంతపు నలికిరులలో ఒక జాతికి పసితనమున తోక నిజముగ ఎఱ్ఱగా నుండును.

కృష్ణ దిగువ భూములలో మనకు సామాన్యముగ కానవచ్చునవి ముఖ్యముగ రెండు రకములు. మొదటిది పెద్దది, తోకతో కలిపి జానెడు, ఒక్కొక్కటి అంతకు పైచిలుకు. వీపు గోధుమవన్నె; ప్రక్కలను లేతరంగు చార యుండును. జతగట్టు కాలమున మగదాని ప్రక్కలు ఎఱ్ఱబారును. శాస్త్రజ్ఞులు దీనిని యూట్రోపిస్ కారినేటా యందురు. లాటినులో కారినా యనగా పడవ అడుగున పొడవునా సాగియుండు దూలము. ఈ జంతువు వీపుమీది ఒక్కొక్క పొలుసునందు అట్టి సన్నని గట్లు మూడేసి యుండుటచేత ఆ పేరు పెట్టిరి. గుడివాడ చుట్టుపట్ల వరిచేల గట్లమీదను, బందరు కాలువ గట్లమీదను, ఉదయమున ఎండకాగుచుండునది తరచుగా ఇదియే.

రెండవది సన్ననిది. దీని పేరు రియోపా పంక్టాటా. ఒడలు కలము వలె సాగి, కాళ్లు మిక్కిలి కురుచగా నుండును. వీపుమీద నల్లని చుక్కలు వరుసలు తీరి, చూచుటకు సన్నని గీతలవలె తోచును. ఎఱ్ఱతోక పిల్లలు దీనివే. ఇది గుల్లనేలలోను, రాలిన ఆకుల క్రిందను, పాత పెంటదిబ్బలలోను దూరి బ్రదుకును. దీని క్రిందిరెప్ప నడుమ అద్దపుబిళ్ళవంటి పారదర్శకమైన పొర యొకటి కలదు. మట్టిలో దూరునప్పుడు కన్ను మూసికొన్నను ఆ పొరగుండ వెలుతురు తెలియును. చిన్నప్రాణియే గదా యని తీసివేయువారు ఈ యొక్క రెప్పను తలచికొన్న చాలును.

ఈ కుటుంబము సామాన్యమైనది గాదు. ప్రపంచమున 1,700 జాతులకు పైగా దీనిలో చేరినవి. మంచుతో నిండిన ధ్రువప్రాంతములు తప్ప దాదాపు అన్ని భూభాగములందును వీని బంధువులు కలరు. మన రియోపాకు దగ్గరి దాయాదులు సముద్రమున కావల, ఆఫ్రికాలో నున్నవి. వానికి మోక్లస్ అని పేరు. తూర్పు ఆఫ్రికానుండి దక్షిణమువరకు ఇసుకనేలలలోను, పడిపోయిన మ్రాకుల క్రిందను, చెదలపుట్టలలోను అవి దాగియుండును. అచ్చటి రైతులు గూడ గడ్డపార వేసినప్పుడే గాని వానిని చూడరు. చాలకాలము మన వానిని, ఆఫ్రికావానిని, తూర్పుదీవుల వానిని శాస్త్రజ్ఞులు ఒక్క పేరుక్రిందనే కట్టివేసిరి. 2019 లో వాని రక్తసంబంధమును జీవకణములలోని వంశలక్షణములనుబట్టి పరిశోధించి, వేర్వేరు శాఖలుగ విభజించిరి. మనది రియోపా, ఆఫ్రికాది మోక్లస్, ఆగ్నేయాసియాది లైగోసోమా. మన గట్లమీది పెద్ద నలికిరికి గూడ ఆఫ్రికాలో ట్రాకిలెపిస్ అను శాఖవారు దాయాదులే.

ఈ కుటుంబమున ఇంకొక వింత గలదు. మట్టిలో బ్రదుకుటకు అలవాటుపడిన కొలది కొన్ని జాతులకు కాళ్లు తరతరములుగ కురుచయై, తుదకు లేకయే పోయినవి. దక్షిణాఫ్రికాలో అట్టివి పెక్కు గలవు. మన విశాఖపట్టణపు కొండలనుండి బెడ్డోము అను సైనికోద్యోగి 1870 లో కాళ్లులేని నలికిరి నొకదానిని వర్ణించెను. 1917 లో అనండేలు అను శాస్త్రజ్ఞుడు చిలకసరస్సు నడుమనున్న బర్కుడా దీవినుండి మరియొకదానిని వర్ణించెను. అవి చూచుటకు ముమ్మూర్తుల వానపామో, చిన్నపామో యనిపించును. కాని కులమున నలికిరులే. కావున ఆకారము నమ్మి కులము నిర్ణయింపరాదు.

ఇక దీని నడవడి. ప్రొద్దెక్కి ఎండ తగిలినగాని దీనికి చురుకురాదు. వేడెక్కిన పిమ్మట ఆహారమునకు బయలుదేరును. మిడుతలు, కీచురాళ్లు, పేడపురుగులు, గొంగళ్లు, సాలెపురుగులు దీని భోజనము. మన పైరునుగాని ధాన్యమునుగాని ఇది ముట్టదు. ఒక్క నలికిరి చేనంతటిని కాపాడునని నేననను. కాని కూలి యడుగక, గింజ తినక, పురుగులను ఏరుకొని తిను ప్రాణి ఒకటి గట్టున నుండుట రైతునకు నష్టము గాదు. కొంగలు, గ్రద్దలు, ముంగిసలు, పాములు దీనికి శత్రువులు.

శత్రువునుండి తప్పించుకొనుటకు దీనికి దేవుడిచ్చిన ఉపాయము తోక. తోక యెముకలలో విరుగుటకు అనువైన సందులు పుట్టుకతోడనే యుండును. శత్రువు తోక పట్టినంతనే ఆ సందున కండ బిగిసి తోక తెగిపోవును. నెత్తురు మిక్కిలి తక్కువగా కారును. తెగిన తోక కొంతసేపు గిలగిల కొట్టుకొనుచుండ, శత్రువు దానిని చూచుచుండ, ప్రాణి పారిపోవును. పిల్లలకు తోక ఎఱ్ఱగా నుండుటయు శత్రువు చూపును తలనుండి తోకవైపు మరల్చుటకే యని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. తోక మరల మొలచును. కాని క్రొత్తతోకలో ఎముక యుండదు, మెత్తని మృదులాస్థి యుండును. తోకలో దాచుకొన్న క్రొవ్వు పోవుటచేత ఆ ప్రాణి కొంతకాలము కృశించును. కావున వినోదమునకై పిల్లలు తోకలు తెంపుచుండిన పెద్దలు వారింపవలెను.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదను. నలికిరి కరచిన మనిషి బ్రదుకడని మన పల్లెలలో ఒక నమ్మకము కలదు. పొరుగున అరవదేశమునను ఇట్టి మాటయే కలదు. ఇది పూర్తిగ అసత్యము. నలికిరికి విషపుతిత్తి లేదు, విషపుకోర లేదు. మన దేశమున ప్రాణమునకు అపాయము చేయునంతటి విషముగల బల్లిజాతి ఒక్కటియు లేదు. అమెరికా ఖండమున, మెక్సికో ప్రాంతపు ఎడారులలో, గీలా రాక్షసి మొదలగు విషపుబల్లులు కొన్ని మాత్రమున్నవి. అవి మన నేలను ఎన్నడును త్రొక్కలేదు. నలికిరిని చేతితో పట్టినప్పుడు అది వ్రేలు కరచుకొనవచ్చును. చీమకుట్టినంత నొప్పియైనను కలుగుట అరుదు. చర్మము గీరుకొన్నచో సబ్బుతో కడిగికొన్న చాలును. అన్నములోగాని పాలలోగాని ఏ ప్రాణి పడినను ఆ పదార్థము పారవేయుట శుభ్రత. అది వేరు సంగతి.

విషములేని ప్రాణిని విషజంతువని నమ్మిన ఏమి మునిగినదని మీరడుగవచ్చును. దానికి సమాధానముగ నా యింటిలో జరిగిన కథ చెప్పెదను.

మాది గుడివాడకు నాలుగు క్రోసుల దూరమున నున్న పల్లె. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఒక సాయంకాలము గడ్డివామినుండి గడ్డి దూయుచుండగా చల్లని దేదో నా వ్రేలు పట్టుకొని వదలెను. నున్నని ఒడలు గడ్డిలోనికి జారిపోవుట మాత్రము చూచితిని. "పాము" అని కేకవేసి పడిపోతిని. మా నాయనమ్మ గుండె బాదుకొన్నది. నలుగురు నన్ను మంచముమీద మోసికొని పొరుగూరి మంత్రవైద్యుని యింటికి కొనిపోయిరి. ఆయన నా చేతికి దారము కట్టి, వేపమండతో తుడిచి, వేపాకు నమలించి, చాలసేపు మంత్రము జపించెను. "గండము గడిచినది, తీసుకొనిపొండు" అనెను. ఆ రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువగానే తింటిని. మా నాయనమ్మ ఆయనకు క్రొత్తపంచెల చాపును, కుంచములకొలది బియ్యమును పంపినది. "మావాడు చచ్చి బ్రదికినాడు" అని ఊరంతయు చెప్పినది.

మరునాడు మా పొలములో ఎలుకలు పట్టుటకు వచ్చు యానాది తాత మా గడ్డివామియొద్ద నిలిచి, అరచేతిలో ఒక నలికిరిని పట్టుకొని నన్ను పిలిచెను. "చిన్నబాబూ, నిన్ను కరిచింది ఇదేనా చూడు. దీనికి విషమెక్కడిది బాబూ" అని నవ్వెను. దాని నోటిలో తన వ్రేలు పెట్టి చూపెను. అదియే యని నేను పోల్చితిని. ఇంటిలోనికి పోయి చెప్పగా, "వాడికేమి తెలుసురా" అని పెద్దలు కసరిరి. నేనును ఊరకుంటిని. మంత్రముతో బ్రదికినవాడనని తోటిపిల్లలు నన్ను గౌరవముగ చూచుచుండిరి. ఆ గౌరవమును పోగొట్టుకొనుటకు మనసొప్పలేదు.

ఆరేండ్లు గడచెను. శ్రావణమాసము. మా మేనత్త కుమారుడు, నాకంటె ఒక యేడు చిన్న, మా యింటికి వచ్చి పంచలో చాపమీద పండుకొనెను. నడిరేయి లేచి కడుపునొప్పి యనెను. చేతిమీద చీమ కుట్టినట్లైనదని గూడ అనెను. దీపము తెచ్చి చూడగా, నల్లని ఒంటిమీద తెల్లని కట్లుగల పాము గోడవార పోవుచు కనబడెను. గుడివాడ ఆసుపత్రికి బండి కట్టుదమని మా నాన్నగా రనిరి. "పొరుగూళ్లో ఆయన ఉండగా అంతదూర మెందుకు? మన పిల్లవాణ్ణి బ్రతికించిన చెయ్యి గదా" అని పెద్దలందరును నన్ను చూపిరి. నాకు యానాది తాత మాట జ్ఞాపకము వచ్చినది. నన్ను కరచినది నలికిరి యని చెప్పవలెనని నోటిదాక వచ్చినది. చెప్పలేదు.

తెల్లవారుజామున ఆ పిల్లవాని రెప్పలు వాలిపోయినవి. మాట ముద్దగ వచ్చినది. పిమ్మట మ్రింగలేకపోయినాడు. అప్పుడు బండి కట్టిరి. కాలువ వంతెన దాటకముందే ఊపిరి నిలిచినది. ముందే పోయియుండిన తప్పక బ్రదికెడివాడని నేను ప్రమాణము చేయజాలను. కాని బ్రదుకుటకున్న త్రోవను ఆ రాత్రి మేము మంత్రవైద్యుని యరుగుమీద కూర్చుండి పోగొట్టితిమి. ఆ త్రోవ మూసినది నా బ్రదుకు. అందులకే నలికిరిని గురించి మాటలాడుమని ఎవ్వరడిగినను నేను కాదనను.

ఆ వైద్యుడు మోసగాడని నేననను. తన మంత్రము పనిచేయునని ఆయనయు నమ్మినాడు. నమ్మకేమి చేయును? ఆయన యొద్దకు పదిమంది వత్తు రనుకొందము. ఒకనిని నలికిరి కరచినది. ఒకనిని నీరుకట్టెపాము, ఒకనిని జెఱ్ఱిగొడ్డు కరచినవి. ఇంకొకనికి ముల్లు గుచ్చుకొన్నది. విషసర్పమే కరచినను ఒక్కొక్కప్పుడు విషము విడువక వట్టికాటు వేయును. వీరందరును ఏ మందును లేకయే బ్రదుకుదురు. కాని బ్రదికిన ప్రతివాడును ఆ మంత్రమునకు సాక్షి యగును. చచ్చినవాడు సాక్ష్యము చెప్పుటకు రాడు. "ఆయువు తీరినది" అని మనమే సరిపెట్టుకొందుము. ఈ విధముగ విషములేని ప్రాణులు మంత్రమునకు కీర్తి తెచ్చును. ఆ కీర్తిని నమ్మి, విషముగల పాము కరచినవాడు ఆసుపత్రికి పోక చచ్చును.

ఏది విషజంతువో, ఏది కాదో వేరుచేసి తెలిసికొనుట ప్రాణరక్షణకు మొదటి మెట్టని రెండు శతాబ్దముల క్రిందట మన తెలుగుతీరముననే ఒకరు గ్రహించిరి. ప్యాట్రిక్ రసెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున నివసించి, కోరమండల తీరపు పాములను సేకరించి, బొమ్మలు వ్రాయించి, వాని విషమును పరీక్షించి, 1796 లో పెద్దగ్రంథము ప్రకటించెను. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను గూడ అందు వ్రాసికొనెను. ఆయన వ్రాసికొన్న బంగారుపాము అను పేరునుండియే కట్లపాముల జాతికి బంగారస్ అను శాస్త్రనామము వచ్చి, నేడు లోకమంతట చెల్లుచున్నది. రక్తపింజరికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు రసెల్ పేరే. అనగా విషసర్పములకు ప్రపంచము మన భాషనుండి పేరు తీసికొన్నది. ఆ శాస్త్రమును మనము మన పల్లెకు తెచ్చుకొనుట మాత్రము మిగిలియున్నది.

పాముకాటు చిన్నవిషయము గాదు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020 లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి లెక్కగట్టినది. ఏటికి సగటున 58 వేలమంది. వారిలో పెక్కుమంది పల్లెవారే. మన డెల్టాలో కృష్ణ పొంగినప్పుడెల్ల బొరియలు నీట మునిగి, పాములును, ఎలుకలును, నలికిరులును గట్లెక్కి యిండ్లలో జొరబడును. 2009 అక్టోబరు వరదను, 2024 సెప్టెంబరు వరదను మీరు మరచియుండరు. 2018 వానకాలమున దివిసీమలో పాముకాట్లు పెచ్చుపెరుగగా ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిని యాగము గూడ జరిగినది. స్వామిని కొలుచుట మన ఆచారము. దానిని నేను తప్పుపట్టను. మ్రొక్కు బండిలో కూర్చుండియు మ్రొక్కవచ్చును. మ్రొక్కుకొరకు బండి ఆగరాదు.

విషమునకు విరుగుడు నేడు కలదు. గుఱ్ఱములకు పామువిషమును మిక్కిలి స్వల్పముగ నెక్కించి, వాని రక్తమున పుట్టిన విరుగుడుశక్తిని వేరుచేసి ఈ మందు తయారుచేయుదురు. దీనికి కావలసిన విషమును పాములను చంపక తీసి యిచ్చువారిలో ముఖ్యులు చెన్నై దగ్గరి ఇరుల తెగవారు. 1978 నుండి వారికి ఒక సహకారసంఘము గలదు. మా యానాది తాతవంటివారి తెలివిని లోకము అక్కడ గౌరవించినది. ఈ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషమునకు పనిచేయును. ప్రభుత్వాసుపత్రులలో సూదిమందుగ దీనిని ఉచితముగ ఇత్తురు. రక్తపింజరి కాటున రక్తము గడ్డకట్టుట మానును. వైద్యులు కొంచెము రక్తమును గాజుగొట్టములో పోసి 20 నిమిషములు కదల్చక యుంచి చూచి, గడ్డకట్టనియెడల విషమెక్కినదని తెలిసికొందురు. వేపాకు చేదు తెలియుటకును విషమునకును సంబంధము లేదు.

మీరు జ్ఞాపకముంచుకొనవలసినవి కొన్ని మాత్రమే. కాటుపడినవానిని నడిపింపకుడు; మోసికొనిపొండు. కరచిన చేతినిగాని కాలినిగాని బద్దకట్టి కదలకుండ చేయుడు. ఉంగరములు, గాజులు, మెట్టెలు తీసివేయుడు. బిగుతుగ త్రాడు కట్టకుడు, కత్తితో గాటు పెట్టకుడు, నోటితో పీల్చకుడు, పసరు పూయకుడు. పామును పట్టుటకై కాలము పోగొట్టకుడు. 108 కు ఫోనుచేయుడు, లేదా దొరకిన బండిమీద ఆసుపత్రికి కొనిపొండు. కట్లపాము కాటున వాపుండదు, నొప్పి యుండదు. ఒక్కొక్కప్పుడు గాటైనను కనబడదు. వానకాలపు రాత్రి నేలమీద పండుకొన్నవాడు లేచి కడుపునొప్పి యన్నను, రెప్పలు వాలుచున్నవన్నను ప్రొద్దుపొడుచువరకు వేచియుండకుడు. మంచముమీద పండుకొనుట, దోమతెర అంచులు పరుపు క్రిందికి దోపుకొనుట, రాత్రివేళ దీపము లేక నడువకుండుట, ఇవి వెలలేని కాపుదలలు.

చూచిన వెంటనే కర్ర ఎత్తక, కాళ్లు, రెప్ప, చెవి అను ఆ మూడు గురుతులను మీ మనుమలకు చెప్పుడు. గడ్డివామిలో నలికిరి కనబడినప్పుడు, దూరమునుండి చూపించి, "ఇది పాము గాదు, దీనికి విషము లేదు" అని ఒక్కమాట చెప్పుడు. ఆ మాట నేర్చిన పిల్లవాడు నలికిరి కరచిన బెదరడు. దానిని ఏ మంత్రమునకును సాక్ష్యముగ ఒప్పుకొనడు. నిజమైన పాము కరచినరాత్రి త్రోవ తప్పడు.

నడిరేయి పంచలో గుమిగూడినప్పుడు బండి ఎటు తిరుగవలెనో నిర్ణయించునది ఊరిపెద్ద మాట. అట్టి రాత్రి మీ యూరిలో వచ్చిన, అందరికంటె ముందు మీరు నోరు తెరచి "ఆసుపత్రికే" అనుడు. నేను అనవలసినరోజున అనలేదు.

సెలవు.